చేపల్లేని తొట్టె

3 మార్చి, సోమవారం

పాత ఆర్డర్ల పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. ముందు వైపు కిటికీ అద్దాల కొలతలు, వెనక వైపు నా గోల. ఎవరూ చదవరు. ముప్పై ఏళ్ళు కాపురం చేసినా నా చేతిరాత మా ఆవిడకి ఇంకా అంతుపట్టలేదు.

అక్క వచ్చి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. తనుండే మేడ కూలగొడుతున్నారు కాబట్టి, వేరే దారి లేక వచ్చింది. నర్సుగా రిటైరై పదమూడేళ్ళయినా, ఆస్పత్రి ఎదురుగా ఉన్న ఆ పై అంతస్తు గదిలోనే ఒక్కతే ఉండిపోయింది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "నా డ్యూటీ మీరు చేస్తారా?" అనేది.

ముందు గదిలో మంచం వేశాము. బీరువాలో రెండు అరలు ఖాళీ చేశాము. ఆ అరలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. సూట్‌కేసు మంచం పక్కన నిలబెట్టి ఉంది. రోజూ పొద్దున జిప్పు తీసి ఆ రోజుకి కావలసిన బట్టలు తీసుకుంటుంది, మళ్ళీ జిప్పు వేసేస్తుంది. దుప్పటి నాలుగు మూలలూ లాగి, పేషెంటు వెళ్ళిపోయిన మంచంలా సర్దేస్తుంది.

ఆ జిప్పు చప్పుడుకే నాకు మెలకువ వస్తోంది.

4 మార్చి, మంగళవారం

టీ తాగుతుంటే అక్క ఒక కాగితం చేతిలో పెట్టింది. రిటైరైన నర్సుల వసతి గృహం. ఏప్రిల్ ఒకటి నుంచి ఒక గది ఖాళీ అవుతుందట. ఫారం ఈ నెలాఖరు లోపు ఇవ్వాలి. అన్నీ నింపేసింది. కింద దగ్గరి బంధువు సంతకం అన్న చోటు ఒక్కటే మిగిలింది.

"నీ సంతకం చాలురా."

"కళ్ళజోడు షాపులో మర్చిపోయానక్కా."

"సంతకానికి కళ్ళజోడెందుకు?"

"చదవకుండా సంతకం పెట్టొద్దని నేర్పింది నువ్వేగా."

కళ్ళజోడు నా జేబులోనే ఉంది. అక్కకీ కనపడే ఉంటుంది.

వెళ్ళాలనుకున్న మనిషిని ఆపడానికి నేనెవరిని? వెళ్తే వెళ్ళనీ. నాకేం బాధ లేదు.

6 మార్చి, గురువారం

షోకేసు చేయమన్న నగల షాపాయన కొలత మార్చుకున్నాడు. ఎనిమిది మిల్లీల అద్దం పెద్ద పలక మిగిలిపోయింది. గోడకి ఆనించిన ఆ పలకను చూస్తూ కూర్చుంటే చేతులు ఊరుకోలేదు. అడుగుకి ఒకటి, పొడుగు పక్కలకి రెండు, పొట్టి పక్కలకి రెండు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు. కట్టరుతో గీసి, పలకను బల్ల అంచున పెట్టి ఒక్క నొక్కు నొక్కితే టక్కుమని విడిపోతుంది. నలభై ఏళ్ళుగా వింటున్నా ఆ చప్పుడు నాకు విసుగు పుట్టలేదు.

నాన్న కాలంలో సిలికాన్ లేదు. ఇనుప చట్రం చేయించి, లోపల లప్పం పెట్టి, అందులో అద్దాలు కూర్చేవాడు. అక్కకి చేసిచ్చిన తొట్టె అలాంటిదే. దాని ఎడమ మూల ఎప్పుడూ కారేది. అక్క ఆ మూల కింద ఒక సబ్బుపెట్టె పెట్టేది. పొద్దున్నే ఆ పెట్టెలో చేరిన నీళ్ళు మళ్ళీ తొట్టెలో పోయడం నా డ్యూటీ. అక్క అప్పుడు కొత్తగా నర్సయింది. ఇంట్లో ప్రతి పనినీ డ్యూటీ అనే అనేది. అమ్మ పోయాక నన్ను పెంచడంతో సహా.

ఈ తొట్టె షాపు కోసమే. ఇలాంటివి కూడా చేస్తామని జనానికి తెలియాలి కదా.

9 మార్చి, ఆదివారం

షాపులో చోటు లేదు. అందుకని ఇంటికి తెచ్చాను. అక్క మంచానికి ఎదురుగా ఉన్న బల్ల మీద పెట్టాను. ఇంకెక్కడ పెడతాను, వంటింట్లోనా?

కింద పాత పేపర్లు పరిచి, అంచుదాకా నీళ్ళు పోసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూశాను. పేపరు మీద ఒక్క మరక లేదు. మా ఆవిడ మాత్రం నీళ్ళ కంటే ముందు షరతులు పోసింది.

"నీళ్ళు మార్చడం, నాచు గోకడం, చచ్చిన చేపని చెంచాతో తియ్యడం, ఇవేవీ నా వల్ల కాదు. ముందే చెప్తున్నా."

"నువ్వేం చెయ్యక్కర్లేదు."

"కుక్కని తెచ్చినప్పుడూ ఇదే మాటన్నారు."

ఆ కుక్క పోయి పదకొండేళ్ళయింది. ఇంకా దాన్ని సాక్ష్యానికి పిలుస్తూనే ఉంటుంది.

అక్క లేచి వచ్చింది. ఎడమ మూల అంచు మీద వేలు పెట్టి పై నుంచి కింది దాకా నెమ్మదిగా జరిపింది. వేలు చూసుకుంది.

"కారట్లేదే," అంది.

ఫారం సంగతి కాకుండా తనంతట తాను అన్న మొదటి మాట అది.

10 మార్చి, సోమవారం

తాళాలు చేసేవాడి కొట్టుకీ లాండ్రీకీ మధ్య సందులాంటి షాపు ఒకటుంది. ముందు చేపలు, లోపల మొక్కలు. నడిపే ఆవిడ చేతులు మోచేతుల దాకా తడిసే ఉన్నాయి. పేరు అడగలేదు. తడిచేతులావిడ అని రాసుకుంటాను.

"ఎవరు చూసుకుంటారు తొట్టెని?"

"ఎవరూ చూసుకోరు."

"నీళ్ళెన్నాళ్ళకి మారుస్తారు?"

"ఎంత తక్కువైతే అంత మంచిది."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నిజం చెప్పారు, నయం. అందరూ వారం వారం మారుస్తామని చెప్పి ఎర్ర మొక్కలు పట్టుకెళ్తారు. నెల తిరక్కుండా మళ్ళీ వస్తారు, మొక్క మంచిది కాదని."

నా చూపు అప్పటికే ఒక ఎర్ర మొక్క మీద ఉంది. చిన్న మంటలా భలేగా ఉంది. వేలు పెట్టి చూపించాను.

"అది మీకమ్మను," అంది ఆవిడ. "దానికి పెద్ద లైటు కావాలి, నీళ్ళలోకి కార్బన్ డయాక్సైడ్ వదిలే సిలిండర్ కావాలి, వారానికోసారి కత్తెర కావాలి. మీకు కావలసినవి బద్ధకం మొక్కలు. మెల్లగా పెరగాలి, తక్కువ వెలుతురుతో సరిపెట్టుకోవాలి, అది పెట్టు ఇది పెట్టు అని అడక్కూడదు."

"నాలాగా."

"మీలాగే."

అప్పుడు అడిగాను. ఆకు జానెడు కూడా ఉండదు, అంచు అంతా ముడతలు, పైన ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగు, తిప్పి చూస్తే ఎరుపు, అలాంటిదేమైనా ఉందా అని. ఎక్కడ చూశారంది. చిన్నప్పుడు మా ఇంట్లో అన్నాను. ఏదో తనకి తెలుసట. శుక్రవారానికి తెప్పిస్తానంది. కానీ ముందు కిటికీలో ఎండ ఎన్ని గంటలుంటుందో, తొట్టె మీద పడుతుందో లేదో చూసి రమ్మంది. ఎండ ఎక్కువైతే తొట్టె నిండా పచ్చనాచేనట. కొలత తెలియకుండా మొక్క ఇవ్వదట.

నాకు ఆవిడ నచ్చింది. నేనూ అంతే. కిటికీ కొలవకుండా అద్దం కోసం వచ్చినవాళ్ళని నేనూ వెనక్కి పంపేస్తాను.

12 మార్చి, బుధవారం

ఎండ కొలుద్దామంటే పగలంతా నేను షాపులోనే ఉంటాను. సాయంత్రం వచ్చేసరికి తొట్టెకి ఒక తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది. "7.15 నుంచి 9.30. బల్ల మీదికి రాదు."

నేనడగలేదు. తడిచేతులావిడ మాటలు మా ఆవిడకి చెప్తుంటే విన్నట్టుంది.

ఆస్పత్రిలో సెలైన్ సీసాల మీద టైము రాసి అంటించే ప్లాస్టర్ చుట్ట అక్క చేతిసంచిలో ఎప్పుడూ ఉంటుంది. చిన్నప్పుడు నా స్కూలు సంచి మీద, నీళ్ళ సీసా మీద, మందు సీసా మీద, అన్నిటి మీదా ఆ ముక్కలే. ఒకసారి నాకు జ్వరమొస్తే చొక్కా జేబు మీద రాసి అంటించింది, "6.40, నూటొకటి" అని. అది అలాగే వేసుకుని వీధంతా తిరిగాను. ఎవరి తమ్ముణ్ణో అందరికీ తెలియాలని.

14 మార్చి, శుక్రవారం

మొక్కలు తెచ్చాను. వెనక వరసకి వాలిస్నేరియా, పొడుగ్గా రిబ్బన్లలా ఉంటుంది. రాళ్ళకి కట్టడానికి అనూబియాస్, జావా ఫెర్న్. ముందు వరసకి క్రిప్ట్, నాలుగు మొక్కలు. ఆకు తిప్పి చూశాను. ఎరుపే. మా మొక్క పేరు యాభై ఏళ్ళకి తెలిసింది.

లైటు రోజుకి ఆరు గంటలు చాలట. చేపలు ఇప్పుడే వద్దట, నీళ్ళు కుదురుకోవడానికి నెల పడుతుందట. కవరు ముడి వేస్తూ ఆవిడ ఇంకో మాట చెప్పింది.

"ఈ క్రిప్ట్‌కి చోటు మారితే అలక. వారం తిరక్కుండా ఆకులన్నీ జిగురులా కరిగిపోతాయి. చచ్చిపోయిందనుకుని పీకి పారేస్తారు చాలామంది. మీరు పారెయ్యకండి. వేరు బతికే ఉంటుంది. నెలో నెలన్నరో కదపకుండా వదిలేస్తే మళ్ళీ ఆకేస్తుంది."

"ఎప్పుడూ అంతేనా అది?"

"దాని తీరే అంత."

కౌంటరు పట్టుకుని నిలబడిపోయాను. ఆవిడ స్టూలు జరిపింది. ఏమైందంటే ఎండదెబ్బ అన్నాను. బయట మబ్బు పట్టి ఉంది.

ఏమైందో రేపు రాస్తాను.

15 మార్చి, శనివారం

ఇవాళ షాపులో రెండు అద్దాలు పగిలాయి. రెండూ నా చేతిలోనే.

16 మార్చి, ఆదివారం

నాకు తెలిసిన పని అద్దం. మొక్కల పని కూడా అలాగే చేశాను. గులకరాళ్ళు కడిగి రెండంగుళాల మందాన పరిచి, అన్ని మొక్కల్నీ స్కేలు పెట్టి గీసినట్టు వరసగా పాతేశాను. వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాక గుర్తొచ్చింది. అనూబియాస్‌కీ ఫెర్న్‌కీ అడ్డంగా ఉండే లావుపాటి కాండం రాళ్ళ కింద పడకూడదు, కుళ్ళుతుంది. రాయికి దారంతో కట్టాలని ఆవిడ రెండుసార్లు చెప్పింది.

పీకి కట్టబోయాను. అద్దాల కోతలతో మొద్దుబారిన వేళ్ళు, తడి దారం. మూడుసార్లు జారిపోయింది. సిలికాన్ ట్యూబు కోసం చెయ్యి వెళ్ళింది కూడా.

"ఇలా ఇవ్వు," అంది అక్క.

రాయిని ఎడమ అరచేతిలో పెట్టుకుని, మొక్కను బొటనవేలితో అదిమి, కుడి చేతి రెండు వేళ్ళతోనే దారం తిప్పింది. ఒకటి, రెండు, మూడు ముళ్ళు. డెబ్భై ఒక్కేళ్ళ చెయ్యి. ఆపరేషన్ థియేటర్లో నేర్చుకున్న ముడి. దారం ఎక్కడుందో కూడా కనపడలేదు.

"దీని పేరేంటి?"

"అనూబియాస్."

"అదో?"

"క్రిప్టో... క్రిప్టోకొరైన్."

"మా వార్డులో ఆరో నంబరు మంచమాయనకి ఇదే వచ్చింది."

వంటింట్లోంచి మా ఆవిడ పెద్దగా నవ్వింది. అక్కా నవ్వింది. నేను నవ్వుతూనే ఉన్నాను, ఈలోగా అక్క క్రిప్ట్ ఆకును నీళ్ళలోనే వేలితో తిప్పింది. వెనక ఎరుపు కనపడింది. నవ్వు ఆపేసింది.

"ఇది..."

"ఏమో, ఆవిడ ఇచ్చింది," అన్నాను.

పిరికివెధవని.

18 మార్చి, మంగళవారం

మళ్ళీ ఫారం. పెన్ను రాయట్లేదన్నాను. అక్క ఇంకో పెన్ను ఇచ్చింది. అదీ రాయట్లేదన్నాను.

"మీ ఇంట్లో పెన్నులన్నిటికీ ఒకటే జబ్బు," అంది అక్క.

మన ఇల్లు అనలేదు. మీ ఇల్లు అంది.

అక్క వీధి చివరి దాకా నడవడానికి వెళ్ళాక మా ఆవిడ నన్ను పట్టుకుంది. "ఈ దాగుడుమూతలేంటండీ? ఉండమని నోరు తెరిచి అడగొచ్చుగా."

"నువ్వడుగు."

"నేనడిగితే మొహమాటానికి అడిగాననుకుంటుంది. నేను గదిలోకి వెళ్తే లేచి నిలబడుతుందండీ వదిన, నేనేదో పెద్ద డాక్టరమ్మనైనట్టు. తాగిన గ్లాసు తనే కడిగి, తుడిచి, ఎవరూ తాగనట్టు పెట్టేస్తుంది. నాకు ఎలా ఉంటుంది చెప్పండి? ఆవిడ తమ్ముడు మీరు. మీరడగాలి."

నిజమే. నేనే అడగాలి. నేనే అడగలేను. ఎందుకో మా ఆవిడకి ఇన్నేళ్ళలో చెప్పలేదు.

19 మార్చి, బుధవారం

రాస్తానన్నది ఇవాళ రాస్తాను.

నాకు తొమ్మిదేళ్ళు, అక్కకి ఇరవై ఒకటి. ఆస్పత్రిలో పేషెంట్లు కూర్చునే హాల్లో ఒక పెద్ద తొట్టె ఉండేది. దాన్ని చూసుకునే ముసలాయన అక్కకి నాలుగు పిలకలు ఇచ్చాడు. జామ్ సీసాలో పెట్టి ఏడాది పెంచింది. డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే ఆ సీసా ముందు కూర్చునేది. నేనూ వెళ్ళి పక్కన కూర్చునేవాణ్ణి. ఇద్దరం తలలు ఆనించి చూసేవాళ్ళం. అక్క జుట్టు ఆస్పత్రి వాసన వేసేది. కొత్త ఆకు విప్పుకుంటుంటే "చూడు, లేస్తోంది, లేస్తోంది," అని గుసగుసగా చెప్పేది, గట్టిగా అంటే మళ్ళీ పడుకుంటుందేమో అన్నట్టు. నా బతుకులో అంత బాగున్న సాయంత్రాలు మళ్ళీ రాలేదు. ఈ మాట మా ఆవిడ చదవకపోతేనే మంచిది.

అక్క పుట్టినరోజుకి నాన్న తొట్టె చేసిచ్చాడు. మొక్కలు సీసాలోంచి అందులోకి మార్చింది. రెండు రోజులకే పది రోజుల ట్రైనింగ్ అని ఊరెళ్ళింది. "ఇవి నీ డ్యూటీ," అని నా చేతిలో చెయ్యి వేసి చెప్పి వెళ్ళింది.

నాలుగో రోజుకి ఆకులు అద్దంలా పలచబడ్డాయి. ఎనిమిదో రోజుకి ఒక్క ఆకు లేదు. నీళ్ళు వాసన. నేనేదో చేశానని అర్థమైంది కానీ ఏం చేశానో అర్థం కాలేదు. టీ జల్లెడతో అంతా తోడి, వేళ్ళతో సహా పెరట్లో కాలవలో పారేశాను. గులకరాళ్ళు వేడినీళ్ళతో కడిగి మళ్ళీ సర్దాను.

అక్క వచ్చింది. బూట్లు విప్పకుండా తొట్టె దగ్గరికి వెళ్ళింది.

"నాన్న పారేశాడు," అన్నాను.

నాన్న అక్కడే ఉన్నాడు. కట్టరుకి నూనె వేసుకుంటున్నాడు. తలెత్తి నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. మళ్ళీ నూనె వేసుకున్నాడు.

అక్క నాన్నతో వారం రోజులు మాట్లాడలేదు. రెండు నెలలకి నర్సుల హాస్టల్‌కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ మాతో ఉండలేదు. సెలవు రోజున వచ్చి నా గోళ్ళు కత్తిరించి, పుస్తకాలకి అట్టలు వేసి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడేవాణ్ణి. తను ఎందుకు వెళ్ళిపోయిందో నాకొక్కడికే తెలుసనుకునేవాణ్ణి. నాన్న పోయేదాకా నాన్నతో ఆ మాట ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

ఇన్నేళ్ళూ ఆ మొక్కల్ని చంపాననుకున్నాను. చంపలేదట. బతికున్న వేళ్ళని తీసి కాలవలో పారేశాను.

20 మార్చి, గురువారం

క్రిప్ట్ ఆకులు పలచబడుతున్నాయి. ఆవిడ చెప్పినట్టే. చెప్పినా సరే, షాపుకి బయల్దేరినవాణ్ణి గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చి చూశాను.

21 మార్చి, శుక్రవారం

పదిన్నరకి షాపుకి ఫోను. "ఏమండీ, ముందు మొక్కలు కుళ్ళిపోయాయి. గదంతా వాసన. తీసి పారేస్తున్నా."

వద్దు అనేలోపే పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. గీత గీసిన పలకను బల్ల మీదే వదిలేసి స్కూటరెక్కాను. దారిలో ఎవరినో తిట్టాను కూడా, గుర్తులేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ చేతిలో టీ జల్లెడ. నిజంగా టీ జల్లెడే. తొట్టెకి అడ్డంగా అక్క నిలబడి ఉంది. అద్దం మీద తెల్ల ప్లాస్టర్ ముక్క, "ముట్టుకోవద్దు. 21-3. ఉదయం 10.35."

"మీ అక్క ముట్టుకోనివ్వట్లేదు," అంది మా ఆవిడ.

"పేషెంటు పోయాడో లేదో డాక్టరు చెప్పాలి అమ్మాయ్," అంది అక్క. "నర్సు చెప్పకూడదు."

"ఇక్కడ డాక్టరెవరు వదినా?"

అక్క నా వైపు చూసింది. "ఆ షాపావిడ ఏమంది?"

"నెల పైన ఆగమంది."

అక్క వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అంటే ఏప్రిల్ ఇరవై దాటాలి. అప్పటికి నేనుండనుగా. నువ్వే చూసుకో."

వెళ్ళి మంచం మీద కూర్చుంది. ప్లాస్టర్ ముక్క మాత్రం తియ్యలేదు. మా ఆవిడ జల్లెడ తీసుకుని వెళ్ళిపోతూ, "అమ్మాయ్ అంది, విన్నారా?" అని నా చెవిలో అంది. నిజమే, మొదటిసారి.

23 మార్చి, ఆదివారం

మా ఆవిడ బజారుకెళ్ళింది. అక్క తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ముందు వరసలో ఆకులు లేవు. రాళ్ళలోంచి నాలుగు చోట్ల పుల్లముక్కల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి, అంతే. నేనూ కుర్చీ తెచ్చుకున్నాను.

"అక్కా, నాన్న కాదు."

"ఏది?"

"అప్పుడు మొక్కలు పారేసింది నాన్న కాదు. నేను."

అక్క తల తిప్పలేదు. "తెలుసు."

"నాన్న చెప్పాడా?"

"నాన్న చెప్తాడా? మర్నాడు టీ పెడుతుంటే జల్లెడ కంపు కొట్టింది. నాన్నయితే తొట్టెతో సహా విసిరేసేవాడు. గులకరాళ్ళు కడిగి మళ్ళీ సర్దిపెట్టే ఓపిక ఆయనకెక్కడిది?"

"మరి ఆయనతో ఎందుకు మాట్లాడలేదు?"

"ఆయనతో మాట్లాడకపోవడానికి నాకు సవాలక్ష ఉన్నాయి. అన్నీ నీ వల్లే అనుకోకు."

"వెళ్ళిపోయావు కదా. మొక్కలు పోయిన రెండు నెలలకే."

అప్పుడు నా వైపు తిరిగింది. "హాస్టల్‌కా? దానికీ మొక్కలకీ సంబంధమేంటిరా? ట్రైనింగ్ అయ్యాక నన్ను థియేటర్లో వేశారు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళాలి, ఆస్పత్రి ఆవరణలోనే ఉండాలన్నారు. వెళ్ళాను. నీకు చెప్పలేదా?"

"చెప్పలేదు."

"చిన్నవాడివి, నీకేం చెప్తాంలే అనుకున్నట్టున్నాను."

ఒక్క మాట. ఒక్క మాట చెప్పి ఉంటే నేను యాభై ఏళ్ళు ఆ బస్సు వెనక నిలబడి ఉండేవాణ్ణి కాదు. ముందు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అక్క నా తల పట్టుకుని తన భుజానికి ఆనించుకుంది. యాభై తొమ్మిదేళ్ళ మనిషిని. ఇప్పుడు ఆస్పత్రి వాసన లేదు. మా ఇంటి సబ్బు వాసన.

కాసేపయ్యాక మిగిలింది కూడా చెప్పేశాను. చోటు మారితే ఆకులు కరగడం దాని తీరని, వేళ్ళు బతికే ఉంటాయని. అక్క రాళ్ళలోని ఆ పుల్లముక్కల వైపు చూసింది.

"అయితే అప్పుడు... నెల ఆగి ఉంటే?"

"వచ్చేవట."

చేతి వెనక భాగంతో కళ్ళు తుడుచుకుంది. అమ్మ పోయినప్పుడు చూశాను అక్క ఏడవడం. మళ్ళీ ఇవాళే.

"మనిద్దరికీ తెలీదు కదరా," అంది. "తెలిస్తే ఆగేవాళ్ళం."

ఉండమని అడగడానికి అదే సమయం. నోటిదాకా వచ్చింది. తప్పు ఒప్పుకున్నందుకు బహుమతి అడిగినట్టుంటుందని ఊరుకున్నాను.

26 మార్చి, బుధవారం

ఆకు లేదు. నేను చూశాను. అక్కా చూసింది. విడివిడిగా, ఒకరికొకరం కనపడకుండా.

29 మార్చి, శనివారం

సంతకం పెట్టాను.

జేబులోంచి కళ్ళజోడు తీసి, అక్క ఎదురుగానే పెట్టుకుని, ఫారం మొదటి నుంచి చివరిదాకా చదివి పెట్టాను. పెన్ను బాగానే రాసింది.

"ఇది నిన్ను వెళ్ళమని పెట్టిన సంతకం కాదక్కా. నువ్వడిగావని పెట్టాను. నాకైతే నువ్విక్కడే ఉండాలని ఉంది. తొమ్మిదేళ్ళప్పట్నుంచీ ఉంది. అడగడం చేతకాలేదు."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ కూడా అంది, "నాకూ ఉండాలనే ఉంది వదినా. మొహమాటానికి కాదు."

అక్క ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. ఏమైనా అంటుందేమోనని ఇద్దరం చూస్తున్నాం.

"లైటు ఆర్పు. ఆరు గంటలయింది," అంది.

31 మార్చి, సోమవారం

ఫారం ఇవ్వడానికి ఇవాళే ఆఖరు. పొద్దున అక్క చేతిసంచి తీసుకుని బయల్దేరింది. నేను దింపుతానన్నాను. వద్దంది.

సాయంత్రం నేను వచ్చేసరికి ఇంట్లోనే ఉంది. నేనేమీ అడగలేదు. మా ఆవిడా అడగలేదు. అక్క టీ తాగి గ్లాసు కడక్కుండా అక్కడే వదిలేసింది. బాగా అలిసిపోయినట్టుంది పాపం.

రేపు తొమ్మిదింటికి బండి పిలవాలి. వెళ్తేనేం, రెండు వీధుల అవతలే కదా. సెలవు రోజున వస్తుంది. నేనైనా వెళ్తాను. అంత బాధపడాల్సిందేమీ లేదు.

1 ఏప్రిల్, మంగళవారం

మెలకువ వచ్చేసరికి ఎనిమిదీ పది. ఇంత పొద్దెక్కేదాకా నేనెప్పుడూ పడుకోలేదు. ఎందుకిలా జరిగిందో తెలియక మంచం మీదే కూర్చున్నాను. తర్వాత అర్థమైంది. జిప్పు చప్పుడు రాలేదు.

పరుగున ముందు గదిలోకి వెళ్ళాను. సూట్‌కేసు మంచం పక్కన లేదు. వెళ్ళిపోయిందనుకున్నాను. తలెత్తితే బీరువా పైన అడ్డంగా పడుకుని ఉంది. దుప్పటి మంచం మీద కుప్పగా ఉంది. అక్క తొట్టె ముందు నిలబడి లైటు వేస్తోంది.

"బండి..." అన్నాను.

"ఎక్కడికి?"

ఇవాళ్టి తారీఖు గుర్తొచ్చి అనుమానం కూడా వచ్చింది. అక్క అలాంటి హాస్యాలాడే మనిషి కాదు.

"ఫారం ఇవ్వలేదా?"

"ఇవ్వలేదు."

"మరి నిన్న ఎక్కడికెళ్ళావు?"

"ఆ షాపావిడ దగ్గరికి. డాక్టరు మాట నేను స్వయంగా వినాలి కదా. నువ్వు సగం వింటావు, సగం చెప్తావు."

"ఫారం ఏం చేశావు మరి?"

"వెనక వైపు ఖాళీగా ఉంది కదా, ఛార్టుకి పనికొచ్చింది," అంది.

తొట్టె పక్కన గోడకి నాలుగు ప్లాస్టర్ ముక్కలతో అంటించి ఉంది. మడతలు ఇంకా పోలేదు. మా ఆవిడ అప్పటికే దాని ముందు నిలబడి, "నీళ్ళు మార్చనని చెప్పాను, నా వంతెందుకు వేశావు వదినా?" అని పోట్లాడుతోంది. మొహం చూస్తే పోట్లాటలా లేదు.

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. స్కేలు పెట్టి గీసిన గడులు. తారీఖు, లైటు వేసింది, లైటు ఆర్పింది, ఆకులు, డ్యూటీ. ఒకటో తారీఖు, ఆకులు అన్న గడిలో సున్నా. మిగతా తారీఖులకి ఆ గడి ఖాళీగా ఉంది కానీ, డ్యూటీ గడి ముప్పయ్యో తారీఖు దాకా నింపేసింది. నేను, అమ్మాయి, వాడు. మళ్ళీ నేను, అమ్మాయి, వాడు. గుండ్రటి నర్సు అక్షరాలు.

"నేను" అన్న మాట పది చోట్ల ఉంది. రెండుసార్లు లెక్కపెట్టాను.